105 రోజులు, పన్నెండు పాటలు: టైగర్ ట్రాప్ రికార్డు విశాఖలో పలికేదాకా

మార్చి 9న టైగర్ ట్రాప్ అనే అమెరికా బ్యాండు పాత రికార్డుకు డబ్బు కట్టాను. మే 6న పోస్టుమాన్ తెచ్చి చేతిలో పెట్టాడు. జూన్ 22న, ఆదివారం, ముల్లు ఎక్కడా ఎగరకుండా, శ్రుతి జారకుండా రెండు వైపులా మొదటిసారి పూర్తిగా విన్నాను. మొత్తం 105 రోజులు, ₹15,300. ఇదంతా 2025లో జరిగింది. సముద్రం పక్క ఊళ్ళో ఉంటూ విదేశం నుంచి పాత రికార్డు తెప్పించుకోవాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని, ఏ రోజు ఏం జరిగిందో, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో వరసగా రాస్తున్నాను.

ముందు బ్యాండు గురించి రెండు ముక్కలు. టైగర్ ట్రాప్ అంటే నలుగురు అమ్మాయిలు. ఊరు కాలిఫోర్నియాలోని శాక్రమెంటో. రోజ్ మెల్‌బర్గ్ పాట, గిటారు. ఏంజెలా లాయ్ రెండో గిటారు. జెన్ బ్రాన్ బేస్. హెదర్ డన్ డ్రమ్స్. 1992లో మొదలై 1993లో ఆగిపోయింది. అమెరికాలోనే ఒలింపియా ఊళ్ళో ఉన్న కె రికార్డ్స్ అనే సంస్థ 1993లో బ్యాండు పేరుతోనే ఒక ఆల్బమ్, దానితోపాటు ఒక ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు) వేసింది. విడి సింగిల్స్ తీసేస్తే మిగిలింది దాదాపు అంతే.

ఆ కొంచెమే నాకు ప్రాణం. డ్రమ్స్ పంక్ వేగంతో పరిగెడుతుంటాయి, గిటార్లు గజ్జెల్లా గలగలమంటుంటాయి, ఆ హడావుడి మధ్యలో మెల్‌బర్గ్ గొంతు మాత్రం అరవదు. పక్కన కూర్చున్న స్నేహితురాలికి చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. ఇష్టం, సిగ్గు, అలక, విడిపోవడం, ఇవే విషయాలు. ఇంత సుతిమెత్తని మాటల్ని ఇంత వేగం మీద నిలబెట్టడం ఎంత కష్టమో గిటారు పట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది. వేగం తగ్గిస్తే పాట జావగారిపోతుంది, గొంతు పెంచితే సిగ్గు పోతుంది. ఆ రెండింటి మధ్య సన్నని గట్టు మీద ఆల్బమంతా నడిచారు.

పాటలు ఫోన్లోనూ వినొచ్చు. నేను మొదట విన్నది అలాగే. కానీ వాళ్ళు ఒక అట్టలో పెట్టి, రెండు వైపులుగా విడగొట్టి, సగంలో లేచి తిప్పుకునేలా ఇచ్చిన వస్తువు వేరు. అది కావాలనిపించింది.

ఇక కొనడం సంగతి. పాత రికార్డులకు అమ్మేవాళ్ళు నాణ్యత గుర్తులు ఇస్తారు. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, ఇలా దిగుతాయి. ఇందులో మోసపోయే చోటు ‘వెరీ గుడ్’. వినడానికి ఎంత బాగున్నా, ఆ గుర్తున్న రికార్డు పాట నడుస్తున్నంతసేపూ చిటపటలాడుతుంది. వెరీ గుడ్ ప్లస్ కంటే కిందికి దిగకండి. డబ్బు కట్టేముందు నేను అమ్మే ఆయన్ను మూడు అడిగాను. ఒకటి, బల్బు వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని తీసిన ఫొటో. ఎదురుగా వెలుగు పడితే గీతలు కనబడవు. రెండు, రికార్డును అట్టలోంచి బయటికి తీసి, లోపలి కవరుతో సహా అట్ట వెనకాల పెట్టి పంపమని. అట్టలోనే ఉంచితే దారిలో కుదుపులకు రికార్డు అంచు అట్ట కుట్టును చీల్చుకుని బయటికొస్తుంది. మూడు, కస్టమ్స్ కాగితం మీద ‘పాత పాటల రికార్డు, ఒకటి’ అని వివరం, అసలు ధర రాయమని. ‘గిఫ్ట్ అని రాయమంటావా’ అని ఆయనే అడిగాడు. వద్దన్నాను. కొన్నదాన్ని బహుమతి అని రాస్తే అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. పట్టుకుంటే పార్సెలు వెనక్కి పోతుంది, లేదా జరిమానా పడుతుంది.

రికార్డు 36 డాలర్లు, పోస్టేజీ 28. కార్డు మీద బ్యాంకు వేసుకునే విదేశీ మారకపు రుసుముతో కలిపి ₹5,800 అయింది. పోస్టేజీ ఇంచుమించు రికార్డంత ఉందని బాధపడి ట్రాకింగ్ లేని చవక పోస్టుకు మాత్రం వెళ్ళకండి. ట్రాకింగ్ నంబరు లేకపోతే తర్వాత వచ్చే నోటీసుకు జవాబు ఇవ్వడానికే దారి ఉండదు.

మార్చి 13న అక్కడ పోస్టులో పడింది. 27కి దేశంలోకి వచ్చింది. అంటే సముద్రాలు దాటడానికి పట్టింది రెండు వారాలే. అసలు నిరీక్షణ అక్కడి నుంచి మొదలైంది. విదేశీ తపాలా కార్యాలయంలో ‘కస్టమ్స్ వద్ద ఉంది’ అన్న ఒక్క వరస పదమూడు రోజులు కదల్లేదు. రోజూ పొద్దున్నే చూడటం, అదే వరస. ఏప్రిల్ 9న నోటీసు వచ్చింది: వస్తువు వివరం, కొన్న రసీదు, డబ్బు కట్టిన రుజువు, గుర్తింపు కార్డు నకలు పంపమని. ఆ సాయంత్రమే పంపాను. ఆరు రోజుల తర్వాత మళ్ళీ అడిగారు. డబ్బు కట్టిన రుజువుగా నేను పంపింది ఫోను తెర ఫొటో, అది చెల్లదట. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరస కనబడేలా పీడీఎఫ్ కావాలన్నారు. మొదటిసారే స్టేట్‌మెంటు పంపి ఉంటే వారం కలిసొచ్చేది. మీరు ఆ నాలుగు కాగితాలూ డబ్బు కట్టిన రోజే ఒక ఫోల్డర్లో వేసి ఉంచుకోండి.

ఏప్రిల్ 28న పన్ను వేశారు: ₹1,890. చాలామందికి తెలియని సంగతి, ఈ పన్ను వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, పోస్టేజీ కలిపిన విలువ మీద పడుతుంది. అందుకే లెక్క వేసుకునేటప్పుడు 36 డాలర్లకు కాక 64కు వేసుకోవాలి.

మే 6 మధ్యాహ్నం పన్నెండున్నరకు పోస్టుమాన్ వచ్చాడు. పన్ను చేతికిస్తేనే పార్సెలు.

‘ఏటమ్మా ఇది, గాజుదా? జాగ్రత్తగా పట్టుకోమని రాసుంది.’

‘గాజు కాదన్నా, పాటల రికార్డు.’

‘మా నాన్న దగ్గర ఉండేవమ్మా ఇలాటివి. ఇంకా తిరుగుతాయేటి?’

తిరుగుతాయన్నాను. ఆ రోజు మాత్రం తిరగలేదు.

అట్ట చెక్కుచెదరలేదు. కుట్లు బాగున్నాయి, అమ్మిన ఆయన చెప్పినట్టే సర్దాడు. కానీ రికార్డును కంటి ఎత్తులో పట్టుకుని అంచు వెంట చూస్తే ఒక పక్క చిన్న అలలా లేచి ఉంది. మే నెల ఎండ, మూసిన వ్యాను, పైన ఇతర పార్సెళ్ళ బరువు. వినైల్, అంటే రికార్డు చేసే ప్లాస్టిక్, అరవై డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడటం మొదలవుతుంది, ఎండలో నిలిపిన బండి లోపల ఒక మూల అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. రెండో వైపు అంచు దగ్గర తెల్లగా దూది పింజల్లాంటి మచ్చలు కూడా ఉన్నాయి. బూజు. ఇన్ని వారాలు ఎదురుచూసినదాన్ని చేతిలో పట్టుకుని అలా చూడటం చాలా కష్టంగా అనిపించింది. ప్లేయరు మీద పెట్టి ఒక్క పాటైనా విందామని చెయ్యి లాగింది. పెట్టకండి. బూజు ముల్లుకు చుట్టుకుంటుంది, ముల్లు దాన్ని గాడి పొడవునా రాస్తుంది.

ఇక్కడ పని వరస ముఖ్యం. ముందు కడగాలి, తర్వాతే వంపు సరిచేయాలి. వంపు తియ్యడమంటే గాజు పలకల మధ్య నొక్కడం. దుమ్ముతో నొక్కితే ఆ దుమ్ము గాడిలోకి శాశ్వతంగా దిగిపోతుంది.

బూజు వినైల్‌ని తినదు. దాని మీద అంటిన వేలిముద్రల జిడ్డునూ కాగితపు పొడినీ తింటుంది, గాలిలో తేమ చాలు. విశాఖలో తేమకు కొదవలేదు. అందుకే కడిగేది ఇంట్లో కాకుండా డాబా మీద, ముక్కుకు మాస్కు కట్టుకుని. మొదట పొడి మెత్తని బ్రష్‌తో మచ్చలు దులిపి, ఆ బ్రష్ పారేశాను. తర్వాత ద్రావణం: డిస్టిల్డ్ వాటర్ 400 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు. కుళాయి నీళ్ళు పనికిరావు. ఆరిన తర్వాత అందులోని ఉప్పు గాడిలో మిగిలిపోయి చిటపటమంటుంది. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గాడి తిరిగే దిశలోనే, లేబుల్ తగలకుండా తుడవాలి. నిమిషం నాననిచ్చి, ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకో గుడ్డతో రెండుసార్లు తుడిచాను. ఆరబెట్టడానికి వంటింట్లో కంచాలు నిలబెట్టే స్టాండు సరిగ్గా సరిపోయింది. ఫ్యాను ఆపేసి ముప్పావుగంట. ఆల్కహాల్ మండే సరుకు, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి. ఇంకో మాట: తాతల నాటి 78 ఆర్‌పీఎం లక్క రికార్డులు ఇంట్లో ఉంటే వాటి మీద ఈ ద్రావణం చుక్క కూడా పడకూడదు. ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది.

పాత కాగితపు లోపలి కవరును అట్టలోనే విడిగా దాచి, రికార్డును ప్లాస్టిక్ పొర ఉన్న కొత్త కవరులోకి మార్చాలనుకున్నాను. పది కవర్లు ₹350. ఆల్కహాల్ ₹280, నీళ్ళు అయిదు లీటర్ల డబ్బా ₹150.

మే 9న గాజు. గాజు కొట్టులో 8 మిల్లీమీటర్ల మందంలో, 33 సెంటీమీటర్ల చదరాలు రెండు కోయించాను; అంచులు రుద్దించి ₹700. రికార్డు వెడల్పు 30 సెంటీమీటర్లు కాబట్టి చుట్టూ కాస్త మిగులుతుంది. గాజులు కూడా అదే ద్రావణంతో తుడిచి, మధ్యలో రికార్డు పెట్టి, పైన పది కిలోల సోనామసూరి బస్తా సమంగా పరిచాను. ఎండలో పెట్టమని, ఓవెన్‌లో పెట్టమని సలహాలు దొరుకుతాయి. వద్దు. వంపు పోయే వేడికీ, గాడి గోడలు మెత్తబడే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ. మే నెలలో మన ఇళ్ళలో గది వేడే ముప్పై నాలుగు, ముప్పై ఆరు ఉంటుంది, ఓపిక ఉంటే అదే చాలు. అయిదో రోజు తీసి చూస్తే పెద్దగా తేడా లేదు, దిగులేసింది. పన్నెండో రోజు, మే 21న, అల దాదాపు పోయింది. ముల్లు ఇంకా కొంచెం ఊగుతుంది కానీ పాటలో వినబడదు.

ప్లేయరు బెల్టుతో తిరిగే పాతది. మూత తీస్తే బెల్టు జిగురుగా వేలికి అంటింది. అందుబాటులో బాగుచేసేవాళ్ళు తక్కువ. కంచరపాలెంలో పాత రేడియోలు, టేపులు చూసే పెద్దాయన ఒకరున్నారని తెలిసి పట్టుకెళ్ళాను. ఆయన పళ్ళెం వేలితో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

‘మోటారు బానే ఉందమ్మా. పట్టీ సాగిపోయింది. ఇది ఉన్నంతకాలం పాట నీరసంగానే పాడతాది.’

‘కొత్తది ఎంత పొడవు తెప్పించమంటారు, బాబాయ్ గారూ?’

‘దారం చుట్టి కొలుసుకో. దానికంటే చిన్నది తే. బిగుతుండాలి గానీ మరీ లాక్కూడదు.’

మోటారు పుల్లీ నుంచి పళ్ళెం లోపలి అంచు చుట్టూ దారం తిప్పి కొలిస్తే 63 సెంటీమీటర్లు వచ్చింది. అయిదు శాతం తక్కువగా, 60 తెప్పించాను. ₹450, తొమ్మిది రోజులు.

వేగం సరిచూడటంలో అసలు ఉచ్చు ఉంది. చుట్టూ గీతలుండే స్ట్రోబ్ చక్రం కాగితం మీద ప్రింటు తీసి, తిరిగే పళ్ళెం మీద పెట్టి, బల్బు కింద చూస్తే గీతలు నిలిచినట్టు కనబడాలి. కానీ దొరికే చక్రాలు చాలావరకు అమెరికావి, 60 హెర్ట్జ్ కరెంటుకు గీసినవి. నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి వాటిలో 216 గీతలుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. మనకు కావలసింది 180 గీతల చక్రం. తప్పుడు చక్రం పెట్టుకుని గీతలు నిలిచేదాకా వేగం తగ్గించుకుంటూ పోతే రికార్డు 28 దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఇంకో సంగతి, ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి వెలుగు ఇందుకు పనికొచ్చేలా మిణకదు. పాత స్విచ్‌బోర్డుల్లో ఉండే చిన్న నియాన్ దీపం ₹20కి దొరికింది, దాని కింద గీతలు స్పష్టంగా కనబడ్డాయి. పాత బెల్టుతో రెండు శాతం నెమ్మది. రెండు శాతం అంటే అర స్వరంలో మూడో వంతు దిగడం. మెల్‌బర్గ్ గొంతు అంత దిగితే అలసిపోయిన మనిషి పాడినట్టు ఉంటుంది, పాటలోని పరుగు పోతుంది. శ్రుతి పెట్టె పెట్టి సరిచూసుకోవచ్చు కదా అంటే, చిన్న బ్యాండ్లు ఒక గిటారును బట్టి మిగతావి కలుపుకుంటాయి, అది ప్రామాణిక శ్రుతిలో ఉండాలని లేదు. గీతల్నే నమ్మండి.

ముల్లు మార్చక తప్పలేదు. పాతది గుండ్రటి మొన. లేబుల్ దగ్గరికి వెళ్ళేకొద్దీ గాడి చుట్టు చిన్నదై, గుండ్రటి మొన సన్నని వంపుల్ని పట్టుకోలేక ‘స’కారాలన్నీ బుసబుసలాడతాయి. మెత్తగా పాడే గొంతుకు అది పెద్ద శాపం. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు, అది అమరే చిన్న పెట్టె కలిసిన భాగం) ₹5,200కి తెప్పించాను, కోడిగుడ్డు ఆకారపు మొన. దాన్ని బిగించడానికి ఒక సాయంత్రం పట్టింది. నాలుగు సన్నని తీగలు: ఎరుపు కుడి, ఆకుపచ్చ కుడి ఎర్త్, తెలుపు ఎడమ, నీలం ఎడమ ఎర్త్. ఎరుపు, ఆకుపచ్చ తారుమారైనా పాట వినబడుతూనే ఉంటుంది, అందుకే తప్పు తెలియదు. మోనో బటను నొక్కి చూడండి. గొంతు పల్చబడి మాయమైపోతే ఎక్కడో తీగ తారుమారైనట్టే.

ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు. దానికి నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు ₹450. మొదటి తూకం ఎంతకీ నిలవలేదు. త్రాసు పళ్ళెం ఇనుముది, కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉంటుంది, రెండూ లాక్కుంటున్నాయి. ప్లాస్టిక్ పళ్ళెం ఉన్నదే కొనండి. ముల్లు కోణం సరిచూసే కాగితం జిరాక్స్ కొట్టులో ప్రింటు తీయించాను. పేజీకి సరిపోయేలా వాళ్ళ మెషీను దాన్ని కుదించేసింది. 100 మిల్లీమీటర్ల గీత 96 వచ్చింది. స్కేలుతో కొలవకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. నూరు శాతం సైజులో మళ్ళీ తీయించి, మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ముల్లును నిలబెట్టాను. ప్రింట్లకు ₹10.

వెనకాల తీగల కొసలు ఉప్పుగాలికి పచ్చబారి ఉన్నాయి. సముద్రానికి కిలోమీటరు లోపు ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది తప్పదు. ఆల్కహాల్ దూదితో తుడిస్తే ఎడమ పక్క అప్పుడప్పుడూ పోయే చప్పుడు ఆగిపోయింది.

జూన్ 14న కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఇది నా సొంతానికి దాచుకునే కాపీ మాత్రమే, ఎక్కడా పెట్టేది కాదు. ప్రీ ఆంప్లిఫయరు, యూఎస్‌బీ పెట్టె ముందునుంచే ఉన్నాయి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. అతి పెద్ద చప్పుడు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. నిమిషానికి దాదాపు 17 ఎంబీ. సీలింగు ఫ్యాను ఆపాలి. ఇన్వర్టరు మీద చేయకూడదు. చవక ఇన్వర్టర్ల కరెంటుకు ప్లేయరు మోటారు గుర్రుమంటుంది. ఆ వారంలో రెండు సాయంత్రాలు కరెంటు పోయి, ఎక్కించినది సగంలో వదిలి మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

మొదటి కాపీలో సన్నని గుర్రు వినబడింది. దీన్ని కనిపెట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత చప్పుడుందో చూపే స్పెక్ట్రమ్ తెరిచి చూడండి. శిఖరాలు 50, 100, 150 దగ్గర ఉంటే గుర్రు మన ఇంటి కరెంటుది. వేగం సరిగ్గా ఉండి, శిఖరాలు 60, 120 దగ్గర కనబడితే అది అమెరికాలో రికార్డు చేసిన గదిది, వాళ్ళ ఆంప్లిఫయర్లది. మొదటిది తీసెయ్యాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. నాది 50. ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి, ప్లేయరు ఎర్త్ తీగ బిగిస్తే మాయమైంది.

చిటపటలు తీయడం దగ్గర నేను పెద్ద తప్పు చేశాను. క్లిక్ రిమూవల్ అనే పనిముట్టును ఉన్నదున్నట్టు, థ్రెషోల్డ్ 200, స్పైక్ వెడల్పు 20తో, ఒక వైపు మొత్తం మీద నడిపాను. శుభ్రంగా వచ్చింది. రెండుసార్లు విన్నాక ఏదో వెలితి. పాటలు అవే, వేగం అదే, కానీ కాళ్ళు కదలడం లేదు. అప్పుడు చేయాల్సిన పని ఇది: శుభ్రం చేసిన కాపీ ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి, అసలు కాపీతో కలపాలి. రెండింట్లో ఒకేలా ఉన్నదంతా చెల్లిపోయి, పనిముట్టు తీసేసింది మాత్రమే మిగులుతుంది. విన్నాను. అక్కడక్కడా దుమ్ము టిక్కులు, వాటి మధ్యలో వరసగా, లయ తప్పకుండా, డ్రమ్ము పుల్లల దెబ్బలు. హెదర్ డన్ చేతులు. దుమ్మనుకుని ఆమె కొట్టిన దెబ్బల మొనలన్నీ చెక్కేశాను.

నిజంగా గుండె కలుక్కుమంది. మెల్‌బర్గ్ ఆ తర్వాత జెన్ స్బ్రాజియాతో కలిసి ది సాఫ్టీస్ మొదలుపెట్టింది. రెండు గిటార్లు, రెండు గొంతులు, డ్రమ్స్ లేవు. అది వేరే అందం, 2024లో కూడా వాళ్ళు కొత్త ఆల్బమ్ తెచ్చారు. కానీ టైగర్ ట్రాప్‌లో సిగ్గుపడే గొంతును ముందుకు తోసేది ఆ డ్రమ్సే. అవి మొద్దుబారితే పాట తనలోకి తాను ముడుచుకుపోతుంది.

ఆ కాపీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి చేత్తో. తెర మీద పెద్దది చేసుకుని ఒక్కొక్క టిక్కునూ వెతికి, రిపేర్ అనే పనిముట్టుతో పూడ్చడం. అది ఒకసారికి 128 శాంపిళ్ళ (ధ్వనిలో అతి చిన్న ముక్కల) వరకే పట్టుకుంటుంది, అదే దాని మంచితనం, పక్కవాటిని తాకదు. ఏది దుమ్ము, ఏది పుల్ల దెబ్బ అని తేల్చడానికి రెండు గుర్తులు. 1.8 సెకన్లకోసారి అదే టిక్కు వస్తుంటే అది గీత, ఎందుకంటే రికార్డు ఒక చుట్టు తిరగడానికి పట్టేది అంతే. ఇక దుమ్ము టిక్కు సాధారణంగా ఒక పక్క ఛానెల్లోనే నిటారుగా లేచి పడిపోతుంది. డ్రమ్ము దెబ్బ లేచాక వెనకాల తోక ఉంటుంది. మొదటి వైపు 44 టిక్కులు, బూజు పట్టిన రెండో వైపు 61. నాలుగు సాయంత్రాలు.

నాయిస్ రిడక్షన్ అసలు వాడలేదు. పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దాన్ని నమూనాగా ఇస్తే అది ఆ బుస్సుమనే చప్పుడును ఆల్బమంతా తీసేస్తుంది. కానీ ఆ బుస్సులో రికార్డుది ఎంత, గిటారు ఆంప్లిఫయర్లది ఎంత అని దానికి తెలియదు. గట్టిగా నడిపితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది. కె రికార్డ్స్ 1982లో క్యాల్విన్ జాన్సన్ క్యాసెట్లతో మొదలుపెట్టిన సంస్థ. గరుకుతనాన్ని లోపంగా చూడని ఇల్లు అది. అక్కడ పుట్టిన పాటను నున్నగా చేయడం నాకు నచ్చదు. 20 హెర్ట్జ్ కింద ఉన్న గుడగుడ ఒక్కటే తీశాను, అది వీధిలో లారీలది.

ఈ పని చేస్తూ ఒక్కో పాటను ఇరవై ముప్పైసార్లు విన్నాను, అప్పుడు పట్టుబడినవి కొన్ని ఉన్నాయి. రెండు గిటార్లు ఒకే వాయింపును రెట్టింపు చేయవు; ఒకటి తీగలన్నీ కలిపి మోగిస్తుంటే ఇంకోటి పై తీగల మీద చిన్న రాగం అల్లుతుంటుంది. వెనకాల వచ్చే గొంతు అలంకారానికి వచ్చినది కాదు, పక్కనుంచి స్నేహితురాలు అందుకున్నట్టు వస్తుంది. గొంతును గిటార్ల కంటే కాస్త లోపలే ఉంచారు, మనం ముందుకు వంగి వినాలి. ఫోన్లో ఇన్నాళ్ళూ విన్నా ఇవేవీ నాకు ఇంత దగ్గరగా తెలియలేదు.

అసలు కాపీ, బాగుచేసిన కాపీ రెండూ నాణ్యత తగ్గని ఎఫ్ఎల్ఏసీ ఫైళ్ళుగా దాచాను. అసలుది ఎప్పుడూ పారేయకండి, రేపు చెవి మారుతుంది. రికార్డును ప్లాస్టిక్ పొర కవరులో పెట్టి, అట్టతో కలిపి అరలో నిలువుగా నిలబెట్టాను. పడుకోబెడితే మళ్ళీ వంగుతుంది. అరలో 50 గ్రాముల సిలికా జెల్ పొట్లం ఒకటి. రంగు మారగానే వేడిచేసి మళ్ళీ పెట్టాలి, మన వానాకాలంలో మూడు వారాలకోసారి.

రెండో వైపు ఒక టిక్కు మాత్రం అలాగే ఉంది. సరిగ్గా స్నేర్ డ్రమ్ము దెబ్బ పడే చోట, దానిలో కలిసిపోయి వస్తుంది. తోక ఉంది, కానీ ఒక పక్క ఛానెల్లో కాస్త ఎక్కువగా ఉంది. అది డ్రమ్ముదో, దుమ్ముదో రెండు రోజులు చూసినా తేలలేదు. ముట్టుకోలేదు.